తమ్ముణ్ని అడిగారు

అన్నయ్యా,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు బెంగపెట్టుకున్న గార్డియన్ కేసు ఇవాళ తేలిపోయింది. తమ్ముడి తరఫున ఇకమీదట అన్నీ నేనే చూసుకుంటానని మనం పెట్టిన అర్జీని జడ్జిగారు కొట్టేశారు. ఒప్పుకుని ఉంటే వాడి సంతకం దేనికీ చెల్లేది కాదట. కొట్టేసినందుకే నా గుండెల మీంచి బరువు దిగింది.

ఏం పని చేస్తావని జడ్జిగారు వాణ్ని అడగ్గానే, అలవాటు కొద్దీ నేను "ఆసుపత్రి లాండ్రీలో అండీ" అనేశాను. "మిమ్మల్ని కాదమ్మా" అని నన్ను వెనక బెంచీకి పంపించారు. వాడికి మాట నిదానమని ముప్పయ్యేళ్లుగా మనమే అందిస్తూ వచ్చాం కదా! ఆవిడ మాత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, వాడు చెప్పేదాకా చూస్తూ కూర్చున్నారు. నేను ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. చివరికి వాడు, "దుప్పట్లు మడతపెడతానండీ. మరకుంటే మళ్లీ ఉతకమని వెనక్కి పంపేస్తా. నా సంతకం నేనే పెడతా. అర్థం కాకపోతే అక్కనడుగుతా" అన్నాడు. ఆర్డరులోనూ అదే రాయించారు. సంతకం వాడిదే, నాది పక్కనుండి సాయం చేసే పని.

నీ బీరువాలో ఉన్న వాడి స్కూలు సర్టిఫికెట్ వెంటనే పంపు, ఉద్యోగం పర్మనెంటు చేస్తున్నారు. కవరు మీద నా పేరు కాదు, వాడి పేరే రాయి. వదిన మోకాలినొప్పి తగ్గిందా? పిల్లలకి నా దీవెనలు.

తమ్ముడు బాగున్నాడని రాయబోతుంటే, "నన్నడిగావా?" అన్నాడు. అడిగి, కలం పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి చెప్పాడు, బాగున్నాడట.

నీ చెల్లెలు