గుంత చూపించే చెయ్యి

ఆదివారం, రాత్రి

రేసులు బంద్ పెట్టినంక సైకిలెక్కుడు ఇయ్యాల్నే మొదలు. రఘునాథపల్లి తొవ్వల నా బిడ్డ సింధు ముందు, నేను వెనక.

గుంత రాంగనే సింధు ఎడమ చెయ్యి కిందికి చాపి చూపించింది. ముందటోడు గుంత చూపియ్యాలె, వెనకటోడు "చూసిన" అనాలె. మా సైకిల్ టీముల అదే పద్ధతి. బిడ్డకు నేనెన్నడూ చెప్పలె.

"ఎవలు నేర్పిన్రు బిడ్డా?"

"నువ్వే నాయినా. స్కూటర్ మీద చూపిస్తనే ఉంటవ్ గద, వెనక ఎవలు లేకున్నా."

ఎవలు లేకున్నా...

జీతానికి సైకిల్ తొక్కినన్ని ఏండ్లు నా వెనక మా టీమోడు యాకయ్యే ఉండె. ఒకనాడు వెనక నుంచొచ్చిన లారీ వాన్ని గుద్దింది, నా దాకా రాలె. వాడు పోయిండు. నా చెయ్యి మాత్రం ఇంకా వానికి గుంతలు చూపిస్తనే ఉన్నది.

సింధు జిల్లా సైకిల్ పోటీలకు పేరిస్తదట. వద్దనాలె. ఏ మొఖం పెట్టుకొని అనాలె?

వాపస్ వస్తుంటే మళ్ల గుంత. బిడ్డ చెయ్యి చాపింది. "చూసిన" అని నేనన్న. నా నోట్లకెళ్లి వచ్చింది అచ్చం యాకయ్య గొంతు.

సింధు గిర్రున తిరిగి చూసింది.

"ఎవలన్నరు నాయినా?"