మీ తమ్ముడి స్నేర్ డ్రమ్ము

వదినగారికి,

మీ తమ్ముడు పోయాక ఆయన వాయించే స్నేర్ డ్రమ్ము మూలనే ఉండిపోయింది. ఎవరికైనా ఇద్దామని, పాత డ్రమ్ములు సేకరించే రఘువీర్ గారిని మా ద్వారక ఫ్లాట్‌కి పిలిచాను. ఆయన పై తోలు విప్పి, లోపల టార్చి వేసి చూశారు.

"చెక్క పాతదేనమ్మా. రిమ్ములు, అడుగు తీగలు తర్వాత మార్చినవి. అసలుది అనలేను" అన్నారు.

"పోనీ, బిగించి ఒక్కసారి వాయించండి" అన్నాను.

చప్పుడు వినగానే ఎదురు ఫ్లాట్ నేహా పరుగున వచ్చింది. "అంకుల్..." అంటూ గుమ్మంలోనే ఆగిపోయి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. కర్మకాండలయ్యాక మా ఇంటికొచ్చింది ఆ పిల్లొక్కతే.

రఘువీర్ గారు డ్రమ్ము వద్దన్నారు. ఇవాళ నేనే పుల్లలు తీసుకుని వాయించాను. నేహా వచ్చింది.

"ఆంటీ, ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. థోడా ధీరే, కొంచెం మెల్లగా" అంది.

మీటింగ్ అయ్యాక టీకి రమ్మన్నాను. పాలు స్టవ్ మీద పెట్టి మీకిది రాస్తున్నాను.