యమునాబాయి కత్తి

9 జనవరి 2004, శుక్రవారం

అరవై ఎనిమిదో ఏట నాకు కొత్త ఉద్యోగం దొరికింది. జీతం లేదు. పడ్డవాళ్లను లేపడమే పని.

మనుమరాలు సాక్షి ఠాణేలో ఇంజనీరింగు చదువుతుంది. అక్కడి స్నేహితుల దగ్గర ఒక ఆట నేర్చుకొచ్చింది. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకరు కథ చెప్పాలి, మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి కావాలి. తలుపు కనిపించింది, ఏం చేస్తావ్ అని కథ చెప్పేవాళ్లు అడుగుతారు. మనం చెప్పింది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలట. మా పద్మనగర్‌లో అది ఎక్కడ దొరుకుతుంది? హౌసీ ఆట అంకెల బిళ్లల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి ఒక గుడ్డ సంచిలో వేశారు. పెద్ద అంకె వస్తే మంచిది. పుస్తకం మాత్రం రెండు వందల పేజీల జిరాక్సు, స్పైరల్ బైండింగు.

శుక్రవారం మగ్గాలు బంద్ కాబట్టి ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. అందుకే ఆట శుక్రవారం, సాక్షి కాలేజీ నుంచి వచ్చాక, మా ముందరి గదిలో, నా భార్య యమున మంచం పక్కనే.

ఈ ఆటలో మనుషులకు క్లాసులుంటాయి. ఫైటర్ నరుకుతాడు. థీఫ్ తాళాలు తీస్తాడు. విజార్డ్ మంత్రం వేస్తాడు. క్లెరిక్ అంటే దేవుడి మనిషి, గాయాలు మాన్పుతాడు. సాక్షి తమ్ముడు భూషణ్ ఫైటర్. వాడికి ఏది ఎదురొచ్చినా నరకడమే. పోయిన వారం అన్నం పెట్టిన హోటలాయన్ని నరికాడు. పక్కింటి మార్త బిడ్డ ఏంజెలీనా థీఫ్. తలుపుకు మడతబందులు ఎటువైపు ఉన్నాయో తేలందే అడుగు వేయదు. ఎదురు చాల్‌లో ఉండే రితేష్ క్లెరిక్‌గా ఉండేవాడు. వీళ్లు పడటం, వాడు లేపడం. విసుగొచ్చి మానేశాడు. నన్ను పట్టుకున్నారు.

వారమంతా ఇంట్లో నేను చేసేది అదే కదా అన్నాను. యమునకు మాత్రలు, ఆవిరి, నోట్లో ఆయాసం మందు పంపు, వీపు కింద దిండు.

"నీకు ప్రాక్టీస్ ఉన్నది గదా తాతా," అంది సాక్షి.

కార్ఖానాలోనూ క్లాసులుండేవి. మగ్గం నడిపేవాడు, మగ్గం బాగుచేసే జాబర్, కండెలు చుట్టే ఆడవాళ్లు, కుర్చీలో లెక్కలు రాసే మెహతా. సిరిసిల్ల విడిచి పద్నాలుగో ఏట ఇక్కడ దిగిన రోజున సేటు నా వేళ్లు చూసి మగ్గం అన్నాడు. యాభై ఏళ్లు అదే. ఈ పుస్తకం మొదటి పేజీలోనే నీ క్లాసు నువ్వు ఎంచుకో అని ఉంది. ఎవరు రాశారో గానీ మర్యాద తెలిసినవాళ్లు.

16 జనవరి, శుక్రవారం

వంతెన కింద రాక్షసి వచ్చింది. భూషణ్ కత్తి తీశాడు. నేను ఆగమని, నీది ఏ ఊరమ్మా, పిల్లలెంతమంది, ఈ వంతెన కింద తడికి కీళ్లు నొయ్యవా అని అడిగాను. సాక్షి పేజీలన్నీ తిప్పింది. రాక్షసిని క్షేమసమాచారాలు అడిగితే ఏమవుతుందో పుస్తకంలో లేదట. కాసేపు ఆలోచించి, అది ఏడ్చి దారి ఇచ్చిందని చెప్పింది. యుద్ధం పోయిందని భూషణ్ అలిగాడు.

యమున మంచం మీది నుంచి నవ్వింది. నవ్వు దగ్గయింది. ఆట అక్కడే ఆగింది. మళ్లీ ఊపిరి కుదురుకోవడానికి అరగంట పట్టింది.

గైబీ నగర్ కార్ఖానాల్లో ముప్పయ్యేళ్లు కండెలు చుట్టింది. ఆ దూది పొట్టంతా ఛాతీలోనే ఉంది. పోయిన ఏడు రెండుసార్లు బొంబాయి పెద్ద దవాఖానాలో గొంతులో పైపు వేసి మిషన్ మీద పెట్టారు. రెండుసార్లూ తిరిగొచ్చింది. ప్రతిసారీ కొంచెం తక్కువ మనిషిగా వచ్చింది.

19 జనవరి, ఉదయం 11

డాక్టరు చూశాడు. మళ్లీ అడ్మిట్ చేయాలి, మళ్లీ మిషన్ తప్పదు అన్నాడు. అక్కడ మంచం ఖాళీ కావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చట. మా కొడుకు మల్లేశం సరే అన్నాడు. నేను సరే అన్నాను. యమునను ఎవరూ అడగలేదు. ఇది రాస్తుంటేనే తట్టింది. తట్టినా లేచి వెళ్లి అడగలేదు.

23 జనవరి, శుక్రవారం

యమున తనూ ఆడతానంది.

సాక్షి సంబరపడి క్లాసులన్నీ చదివి వినిపించింది. నాయినమ్మ విజార్డ్ అయితే కూర్చుని మంత్రాలు వేసుకోవచ్చు, ఆయాసం ఉండదు అని చెప్పింది.

"కత్తి ఎవలకిస్తరు?" అని అడిగింది యమున.

ఫైటర్‌కు అని చెప్పారు. అదే కావాలంది. మంచం నుంచి గడప దాకా ఆరడుగులు. ఆ ఆరడుగులకు ఆమె రెండుసార్లు కూర్చుంటుంది. పాత్రకు పేరేం పెడదామంటే, "యమునాబాయే. ఇంకో పేరెందుకు?" అంది.

ఇక చూడాలి. తలుపు కనిపిస్తే తన్నింది. చీకటి కనిపిస్తే దూకింది. ఏంజెలీనా అడగబోయిన ప్రశ్నలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. భూషణ్ లాంటి వాడే, కొంచెం ఆగుదాం నాయినమ్మా అన్నాడు. ఆగలేదు. పడింది. లేపాను. మళ్లీ ముందుకు పోయి పడింది. మళ్లీ లేపాను. మూడోసారీ అంతే. ఆ తర్వాత భూషణ్ పడ్డాడు. క్లెరిక్ రోజుకు మూడుసార్లే లేపగలడని ఏంజెలీనా పుస్తకం చదివి చెప్పింది.

"గిది పార్షాలిటీ తాతా," అన్నాడు భూషణ్, చచ్చిపోయి.

నిజమే. ఏం చేయను. మగ్గం మీద పోగు తెగితే మగ్గం ఆపడం, తెగిన కొసలు పట్టుకుని ముడి వేయడం. యాభై ఏళ్లు అదే పని. నిద్రలో కూడా నా వేళ్లు ముడి వేస్తాయని యమునే చెబుతుంది. తెగింది కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

30 జనవరి, శుక్రవారం

మంచం దొరికిందని బొంబాయి నుంచి ఫోనొచ్చింది. మల్లేశం వచ్చే వారం శనివారానికి కారు మాట్లాడాడు.

సాయంత్రం ఆట. గుహలో పెద్ద నాగుపాము. యమున ఎప్పటిలాగే అందరికంటే ముందు పోయింది. సంచిలో చెయ్యి పెట్టి బిళ్ల తీసింది. రెండు. పాము కాటేసింది, పడింది. నా వంతు వచ్చింది. లేపుతున్నా అన్నాను.

"పతిసారి లేపకు. ఒక్కసారి పడనియ్యి," అంది.

పిల్లలు నవ్వారు. ఆట గురించే అనుకున్నారు. అప్పుడామె నా వైపు తిరిగి చేత్తో ఒక సైగ చేసింది.

ఆ సైగ సంగతి రాయాలి. కార్ఖానాలో నలభై మగ్గాలు ఒక్కసారి కొడుతుంటే చెవి దగ్గర అరిచినా వినబడదు. అందుకని అందరం చేతులతో మాట్లాడుకునేవాళ్లం. అన్నానికి ఒక సైగ, సేటు వస్తున్నాడనడానికి ఒకటి. నేను యమునను పెళ్లి సంగతి అడిగిందీ సైగలతోనే, ఆమె సరే అన్నదీ సైగతోనే. పక్క మగ్గం వాడు చూసి కార్ఖానా మొత్తానికి సైగలతోనే చాటింపు వేశాడు. సరే, అది వేరే కథ. ఈ సైగ ఏమిటంటే, రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా జరిపి కిందికి వదిలేయడం. మగ్గం వెనక బీముకు చుట్టిన నూలు అయిపోవచ్చింది, ఇక పోగు తెగినా ముడి వేయకు, నడవనియ్యి అని.

నాకు అర్థమైంది. అయినా లేపాను.

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

31 జనవరి

పంపు కొట్టించుకుంది. నా ముఖం చూడలేదు.

3 ఫిబ్రవరి, మధ్యాహ్నం

వరాలా తలావ్ చెరువు చుట్టూ రెండుసార్లు తిరిగాను. మోకాళ్లు వద్దంటున్నా తిరిగాను. ఇంటికొచ్చి మంచం పక్కన స్టూలు వేసుకున్నాను. దవాఖానాకు పోవడం నీకు ఇష్టమేనా అని అడిగాను. నలభై ఆరేళ్ల కాపురంలో ఇట్లాంటి సంగతి ఆమెను అడగడం ఇదే మొదలు. సిగ్గుగానే ఉంది.

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "పైపు ఏస్తె నోటికెల్లి మాట రాదు. పోయినసారి పద్దెనిమిది దినాలు చేతులతోటే చెప్పిన. అండ్ల ఎవలకు సమజ్ గాలే. కార్ఖానల ముప్పయ్యేండ్లు చేతులతోటే మాట్లాడిన. ఆఖర్ల గూడ గంతేనా? నేను మాట్లాడుకుంటనే పోత."

సరే అన్నాను. ఈసారి నోటితో.

4 ఫిబ్రవరి

కారు వద్దని మల్లేశంతో చెప్పాను. అరిచాడు. చేతనైన కొడుకుండగా తల్లిని ఇట్లా వదిలేస్తే నలుగురూ ఏమంటారన్నాడు. తర్వాత తల్లి దగ్గర కూర్చుని ఏడ్చాడు. వాడి తల నిమిరి ఆమే ఊరడించింది. అంతసేపూ ఆమెకు ఆయాసం తగ్గనే లేదు.

డాక్టరు మొదట కోప్పడ్డాడు. తర్వాత ఆమెతో ఒంటరిగా మాట్లాడాడు. బయటికొచ్చి, రోజూ సాయంత్రం తనే వచ్చి చూస్తానన్నాడు. ఊపిరి బాధ తెలియకుండా మందు రాశాడు. ఎక్కువ రోజులు లేవని కూడా చెప్పాడు. మార్త వచ్చి ప్రార్థన చేసింది. మగ్గాల హోరుకు మొద్దుబారిన నా చెవులకు కూడా వినబడేంత గట్టిగా చేసింది. ఆ దేవుడూ మగ్గం పనివాడే అయ్యుంటాడు.

అలసటగా ఉంది. పంపు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాను. అలవాటు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

ఆట ఆడాల్సిందేనని యమునే పట్టుబట్టింది. నాగుపాము అక్కడే ఉంది. యమునాబాయి ముందుకు పోయింది. చెయ్యి లేవకపోతే సాక్షి సంచిని ఆమె వేళ్ల దగ్గర పట్టుకుంది. బిళ్ల మూడు. పడింది.

అందరూ నా వైపు చూశారు. ఏం చేస్తవ్ తాతా అని సాక్షి అడిగింది.

పక్కన కూర్చుంటానని చెప్పాను.

పుస్తకంలో అట్లాంటిది లేదట. పెన్నుతో రాసుకోమన్నాను.