అమ్మకు ఏమీ రాయలేదు

మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసే ఏసేపు కూతురు ఆరాధన అనే నేను, ఇరవై ఏళ్ళు నిండినదాన్ని, ఒళ్ళు బాగాలేకపోయినా బుద్ధి బాగానే ఉండి, ఎవరి బలవంతమూ, ఎవరి ప్రార్థనా లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా ఆస్తి గురించి మా పెదనాన్న నలుగురిలో చెప్పుకుంటున్న మాటలేవీ చెల్లవు.

వివరం ఏమనగా, ఐదేళ్ళప్పుడు నాకు కాలేయం మార్చారు. అమ్మ కృపమణి తన కాలేయంలో ముక్క ఇచ్చింది. నా ఒళ్ళు దాన్ని పరాయిదని తిప్పికొట్టకుండా రోజూ బిళ్ళలు మింగాలి. ఆ బిళ్ళలు ఒంటికి రోగాలతో పోట్లాడే శక్తిని తగ్గిస్తాయి. అందుకే ఇలాంటి పిల్లలకు కేన్సర్ భయం మిగతా పిల్లలకన్నా ఎక్కువని, మెడలోనో చంకలోనో గడ్డలాగా బిళ్ళ కట్టినా, జ్వరం విడవకపోయినా వెంటనే తీసుకురమ్మని, చెకప్‌లు మానొద్దని డాక్టరమ్మ అమ్మకు చెప్పి పంపింది.

పాస్టరైన మా పెదనాన్న యేసుప్రసాద్ నన్ను ఏటా చర్చిలో నిలబెట్టి సాక్ష్యం చెప్పించాడు. సంపూర్ణ స్వస్థత అని మైకులో చెప్పాక మళ్ళీ ఆసుపత్రికి పోతే సంఘం ఏమనుకుంటుందని చెకప్‌లు మాన్పించాడు. పోయినేడు మెడలో బిళ్ళ కట్టింది. "బిళ్ళకు బిళ్ళే మందు, జ్వరం బిళ్ళ మింగిచ్చండి, తగ్గిపోతాది" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. అమ్మ నోరు విప్పలేదు. ఇప్పుడది లింఫోమా అనే కేన్సర్. రోజూ మింగే బిళ్ళలు తగ్గిస్తే కాలేయం పోవచ్చు, తగ్గించకపోతే లింఫోమా పెరగవచ్చు. ముందే వచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అన్నారు డాక్టర్లు. ఆ మాట నాకు నిద్రపట్టనివ్వదు.

1. నాన్నను కన్న మా జేజి నా పేరున రాసిన ఒంటి గది ఇల్లు పత్తికొండ టమోటా రైతు నారాయణ కూతురు శ్రావణికి చెందాలి. ఆ పిల్లకు ఏడేళ్ళు, నాలాగే కాలేయం మార్చారు. నా ఆఖరి చెకప్ అప్పుడు ఆసుపత్రి వరండాలో పరిచయం. చర్చిలో తీసిన నా సాక్ష్యం వీడియో చూసి నారాయణ ఫోన్ చేశాడు. "మీరు శానా బాగుండారు కదమ్మా, ఇంగ మా పాపకు ఆ సూదులెందుకు, ఆస్పత్రికి తిప్పేది మానేసినాం" అన్నాడు. వద్దని బతిమాలితే, "మీ పెద్దనాయన వేరేగా చెప్పినాడే" అన్నాడు. శ్రావణి మేజరయ్యేదాకా ఇంటి అద్దె ఆమె రక్తపరీక్షలకు, బస్సు ఛార్జీలకు మాత్రమే వాడాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నాన్నది.

2. ఆ ఇంటిని కూల్చి ప్రార్థన హాలు కట్టి, "ఆరాధన మందిరం" అని బోర్డు పెట్టాలని పెదనాన్న చూస్తున్నాడు. పెట్టకూడదు. నా పేరు నాది.

3. సాక్ష్యానికి నాకు తొడిగే తెల్ల గౌను పెదనాన్నకు. అది బిగుతైపోయిందని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు, దగ్గర పెట్టుకుని చూసుకోమనండి.

4. బిళ్ళల వేళకు మోగే నా ఫోన్ శ్రావణికే. అలారం పాట నచ్చకపోతే మార్చుకోవచ్చు, ఆపకూడదు.

5. అమ్మకు ఏమీ రాయలేదు. అమ్మ మీద నాకు కోపం ఉంది, దాచుకోను. కానీ కారణం అది కాదు. సాక్షి సంతకం చేసినవాళ్ళకు రాసింది చెల్లదట, వకీలు చెప్పాడు. సాక్షి భర్తకూ చెల్లదట. అందుకే ఎండకు పోవద్దని డాక్టరమ్మ కొనిపించిన గొడుగును నాన్న చేతికి ఇవాళే ఇచ్చేశాను. గనిలో వేసుకుపోతే నవ్వుతారన్నాడు. నవ్వనీ నాన్నా.

అమ్మ ఇచ్చిన కాలేయం తిరిగి ఇవ్వలేను. ఇన్నేళ్ళూ నేను అబద్ధపు సాక్ష్యం చెప్పాను, అమ్మ కింద కూర్చుని విన్నది. ఈ ఒక్కసారి నిజమైన సాక్ష్యం అమ్మ చెప్పాలి. నారాయణ నా మాట నమ్మడు, ముక్క ఇచ్చిన తల్లి మాట నమ్ముతాడు. అమ్మ దగ్గర నాకు కావలసింది అదొక్కటే.

ఇది నా ఇష్టపూర్వకంగా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను.

మంగంపేట, 2025 నవంబర్ 9
(సంతకం) ఆరాధన

సాక్షులు:
1. మధులత, స్టాఫ్ నర్సు, కడప
2. కృపమణి, తల్లి. డాక్టరమ్మ బిళ్ళ గురించి చెప్పింది నిజం. నేను ఇన్నా. ఇని గమ్మునున్నా. నారాయణప్పకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినా. రేపు పాపను ఆస్పత్రికి తీసకపోతాండారు.