పాపకు తెలిసిన పీక

పాప అమ్మమ్మగారికి, పళ్ళ డాక్టరు నమస్కారాలు.

నిన్న మీ మనవరాలు నా కుర్చీలో రెండు చేతులతో మెడ పట్టుకుని, పెదవులు బిగించి కూర్చుంది. మీరు చిన్నబుచ్చుకుని, "మొండిఘటమండీ ఇది! నా పరువు తీసింది. ఇంక తీసుకురాను" అన్నారు. మీరు తొందరలో ఉండటంతో అసలు సంగతి అప్పుడు చెప్పలేకపోయాను.

మీ అమ్మాయికి ఫోన్ చేయడానికి మీరు బయటికి వెళ్ళినప్పుడు, నేను నేల మీద కూర్చుని, మెడ ఎందుకు పట్టుకున్నావని పాపను అడిగాను. "నువ్వు పీక తీసేస్తావంట కదా! మరి అన్నం ఎలా మింగాలి?" అంది.

పాప నోట్లో పెట్టుకుని చీకే రబ్బరు పీకను ఇంట్లో మీరంతా ‘చీకీ’ అంటారట. డాక్టరు దగ్గర మర్యాదగా ఉంటుందని మీరు నాతో ‘దీని పీక తీసేయించాలి’ అన్నారు. పాపకు తెలిసిన పీక గొంతులో ఉన్నదొక్కటే. గుమ్మంలోనే "ఏదీ, ఆ పీక నాకిచ్చెయ్" అని చెయ్యి చాపింది నేను. కాబట్టి తప్పులో పెద్ద వాటా నాదే.

విడమర్చి చెప్పాక, నన్ను గుటక వేయమని, నా మెడ తడిమి చూసి, అప్పుడు నోరు తెరిచింది. చీకీ వల్ల పై పళ్ళూ కింది పళ్ళూ ముందువైపు కలవడం లేదు. ఈ మూడేళ్ళ వయసులో మానేస్తే ఆ సందు చాలావరకు దానంతటదే పూడుకుంటుంది. అందుకే మళ్ళీ తీసుకురమ్మని కోరుతున్నాను. చీకీని మాత్రం లాక్కోకండి. తానే తెచ్చి ఇస్తానంది, ఒక్క షరతు మీద.

"మా అమ్మమ్మని తిట్టకూడదు. తనకి పీకంటే ఏంటో తెలీదు, పాపం."

తిట్టనని మాటిచ్చాను.