నవల చర్చపై నా సంజాయిషీ

ప్రిన్సిపాల్ గారికి,

నంద్యాలలోని మన కాలేజీ హాస్టల్‌లో ఇంటర్ పిల్లలను హడలగొట్టే నవల చర్చించానని సంజాయిషీ అడిగారు. మీరు ఆ నవల తెరవలేదని మీ నోటీసే చెబుతోంది. అందులో రాబోయే కాలపు ప్రభుత్వం పిల్లలను గోడల మధ్య పెంచుతుంది, మార్కులను బట్టి చొక్కా రంగు మారుస్తుంది. ఏది భయపెట్టిందని క్లాసును అడిగాను. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన హర్షిత లేచింది.

"ఇందులో భయమేముంది సార్? వాళ్లను ఆదివారం బయటికి ఇడుస్తాండారు గదా."

మిగతావాళ్లు తలూపారు. జరిగిన చర్చ ఇంతే.

పుస్తకం మీకు అప్పగించమన్నారు. కావాలంటే నా ఉద్యోగం తీసేయండి, పుస్తకం మాత్రం ఇవ్వను. మీరు చదివితే, అందులో ఉండి మనం ఇంకా పెట్టని రూల్స్ కూడా సోమవారం నుంచే మొదలుపెడతారు.

ఇట్లు,
మీ నోటీసు అందుకున్న ఇంగ్లీషు లెక్చరర్