తాతయ్య మీట నొక్కిన చోటు

పిచ్చుకా, అన్నం పొయ్యి మీదే ఉంది. ముందు తిను, తర్వాత ఇది చదువు.

నిన్న సాయంత్రం కొండ పార్కు నుంచి ఏడుస్తూ వచ్చావు. తాతయ్య పోయేముందు నీకోసం దాచిన చివరి డబ్బా దొరకలేదనీ, ఆయన అంకెలు తప్పు పెట్టారనీ అన్నావు. అంకెలు తప్పు కాదే తల్లీ. ఆ జీపీఎస్ మిషన్‌లో మీట నొక్కినప్పుడు మనిషి ఎక్కడుంటే అక్కడి అంకెలే పడతాయి, ఉత్తరానికొకటి, తూర్పుకొకటి. డబ్బా ఎక్కడుందో దానికేం తెలుసు?

డబ్బా దాచడానికి వెళ్లిన రోజు పార్కు మెట్ల కింద బెంచీ దగ్గరే ఆయనకి ఆయాసం వచ్చింది. "నువ్వెళ్లి పెట్టి రావే. నేను ఎక్కలేకపోయానని పిచ్చుకకి మాత్రం చెప్పకు" అని, కూర్చున్న చోటే మీట నొక్కేశారు. "ఈ వయసులోనూ బడాయికి తక్కువ లేదు" అని తిట్టుకుంటూ నేనే ఎక్కాను. మీ ఇద్దరి డబ్బాలు దాచి వెతికే ఆటకి నన్ను పిలిచింది ఆ ఒక్కసారే, అదీ డబ్బా మోయడానికి. ఇన్నాళ్లూ ఆయన మాట నిలబెట్టాను. నీ ఏడుపు చూశాక ఇక నావల్ల కాలేదు.

డబ్బా మెట్ల పైన, నీళ్ల ట్యాంకు వెనక రాళ్ల సందులో ఉంది. మిషన్ జేబులో పెట్టి కళ్లతో వెతుకు. దొరికాక అక్కడే నిలబడి మీట నొక్కి కొత్త గుర్తు పెట్టుకో. పాతది మాత్రం చెరిపేయకు. మేమిద్దరం కలిసి బయటికి వెళ్లింది అదే ఆఖరుసారి.

పాలు కాచి మూత పెట్టాను. నేను ఇంట్లో లేనని కంగారుపడకు, ఆ పాత గుర్తు దగ్గరే కూర్చుని ఉంటాను.